దవడ ఎముకకు గంట్లు, పంటికి వేగం

క్లిప్పులు వేసిన పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదులుతుంది. ఎత్తుపళ్లను వెనక్కి తేవడానికి కోరపన్ను వెనకున్న చిన్న దవడపన్నును తీసేస్తే దాదాపు 7 మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. కోరపన్నును, ఆ తర్వాత ముందరి పళ్లను అందులోకి లాగి, వరస దిద్ది, పైపళ్లూ కిందిపళ్లూ సరిగా కలిసేలా చేసేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు గడుస్తాయి. ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. ఈ కాలాన్ని తగ్గించేందుకు చిగురు కింది ఎముకను కొద్దిగా కోసే, గీసే, గుచ్చే చిన్న శస్త్రచికిత్సలు కొన్ని వాడుకలోకి వచ్చాయి.

పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు మందమైనా ఉండని స్నాయువు పొర ఒకటుంది. తీగ పన్నును ఒక వైపుకు నెట్టినప్పుడు, ఒత్తిడి పడిన వైపు ఆస్టియోక్లాస్టులనే కణాలు చేరి ఎముక గోడను కరిగిస్తాయి. వెనక వైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను నింపుతాయి. తీగను ఇంకాస్త బిగిస్తే పన్ను ఇంకా త్వరగా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. ఒత్తిడి ఎక్కువైన చోట రక్తప్రసరణ ఆగి పొరలోని కణాలు చచ్చిపోతాయి. ఆ మృతభాగాన్ని శరీరం తొలగించుకునేదాకా, అంటే కొన్ని వారాలపాటు, పన్ను మొరాయిస్తుంది. కార్ల్ శాండ్‌స్టెడ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలతో 1904 నాటికే ఈ సంగతి తెలుసు. అందువల్ల వేగం కావాలంటే బలం పెంచి లాభం లేదు, ఎముకనే మెత్తబరచాలి.

ఆస్ట్రియా శస్త్రవైద్యుడు హైన్‌రిష్ కోలె 1959లో చేసింది ఇంచుమించు ఇదే, అయితే ఆయన చెప్పిన కారణం వేరు. పళ్ల మధ్య గట్టి పైపొర ఎముకను నిలువుగా కోసి, వేళ్ల కింద అడ్డంగా విడగొడితే పన్నూ దాని చుట్టూ ఉన్న ఎముకా ఒకే దిమ్మెగా కదులుతాయని ఆయన నమ్మకం. పళ్లు వేగంగానే కదిలాయి, కానీ ఆపరేషన్ పెద్దది కావడంతో ఆ దారిన నడిచినవారు తక్కువ. అసలు కారణం మరో మూలనుంచి తేలింది. ఎముకకు గాయమైతే దాని చుట్టుపక్కల ఎముక అరుగుదల, పెరుగుదల మామూలుకన్నా ఎన్నో రెట్లు చురుకుగా సాగుతాయని అమెరికా ఎముకల వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ 1983లో వివరించాడు. పెన్సిల్వేనియాలోని ఎరీకి చెందిన విల్కో సోదరుల్లో ఒకరు చిగుళ్ల వైద్యుడు, మరొకరు పళ్ల వరస దిద్దే వైద్యుడు. కోసిన దవడలకు సీటీ స్కాన్ తీసి చూస్తే కదిలింది దిమ్మెలు కావని వాళ్లకు అర్థమైంది. ఎముకలోని ఖనిజం తాత్కాలికంగా కరిగిపోయి, మెత్తటి చట్రం మిగిలి, అందులోంచి పన్ను సులువుగా జరుగుతోంది. కొన్నాళ్లకు ఖనిజం తిరిగి చేరుతోంది. 2001లో ఈ సంగతి ప్రకటించి, చిగురు విప్పి గంట్లు పెట్టాక పైన ఎముక పొడిని పరిచే పద్ధతిని తెచ్చారు. వేళ్లను బయటికి నెట్టినప్పుడు ముందువైపు ఎముక పలచబడకుండా ఆ పొడి కాపాడుతుంది. వేగం సంగతి ఎలా ఉన్నా, పలచటి దవడ ఉన్న పెద్దలకు ఈ లాభం నిలకడైనది.

చిగురును పూర్తిగా విప్పడమంటే వాపు, కుట్లు, ఖర్చు తప్పవు. దాన్ని తప్పించాలని 2006లో కొరియాలో చిగురు మీదుగానే గట్టి కత్తి పెట్టి సుత్తితో కొట్టి ఎముకను గీసే పద్ధతి వచ్చింది. మెలకువతో ఉన్న మనిషికి దవడ మీద సుత్తి దెబ్బలు అంత రుచించే పని కాదు. 2009లో బోస్టన్‌లో సెర్జ్ దిబార్ట్ ప్రవేశపెట్టిన పియెజోసిషన్‌లో సుత్తి లేదు. మత్తు సూది ఇచ్చి, రెండు పళ్ల మధ్య చిగురు కొసను వదిలేసి, దాని దిగువన బయటి వైపు చిన్న నిలువు కోత పెడతారు. అందులోంచి అల్ట్రాసోనిక్ కంపనాలతో పనిచేసే మొనను దించి, ఎముకలో సుమారు 3 మిల్లీమీటర్ల లోతు గాడి తీస్తారు. ఈ మొన గట్టి ఎముకను కోస్తుంది కానీ మెత్తటి కండను పెద్దగా గాయపరచదు. సెలైన్ నీరు ధారగా పడుతూనే ఉండాలి, లేకపోతే ఎముక వేడెక్కి చచ్చిపోతుంది. గాడి వేళ్ల మధ్యే పడాలి కనుక ముందే ఎక్స్‌రే చూసుకుంటారు. చిక్కేమిటంటే, పళ్లు ఒకదానిమీదొకటి ఎక్కి బాగా ఇరుకైన కింది ముందువరసలోనే వేళ్ల మధ్య చోటు తక్కువ.

అన్నిటికన్నా తేలికైంది మైక్రో ఆస్టియోపెర్ఫొరేషన్. కోత లేదు, కుట్టు లేదు. సన్నని స్క్రూతో చిగురు మీదుగా ఎముకలోకి కొన్ని రంధ్రాలు చేస్తారు. పూర్తిగా భిన్నమైనది తైవాన్‌లో లియు, హువాంగ్ 1998లో ప్రకటించిన పద్ధతి. చిన్న దవడపన్ను తీసిన గుంటలో, కోరపంటి పక్క ఎముకను గాళ్లతో బలహీనపరచి, స్క్రూ పరికరాన్ని రోజూ కొంచెం తిప్పుతూ కోరపన్నును 3 వారాల్లోనే 6.5 మిల్లీమీటర్లు లాగారు. అయితే ఆ పరికరం నోటికి భారం.

గాయం తెచ్చే చురుకు సుమారు నాలుగు నెలలు, మహా అయితే ఆరు నెలలు ఉంటుంది. అందుకే ఆ కాలంలో నెలకోసారి బదులు రెండు వారాలకోసారి తీగ సర్దుతారు. ఆ విడతలు తప్పిస్తే కోత దండగే.

ఫలితాల విషయంలో ప్రకటనల జోరుకు, పరిశోధనల మాటకు పొంతన లేదు. 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందం 20 మందిని పరిశీలించి, రంధ్రాలు చేసిన వైపు కోరపన్ను 28 రోజుల్లో 2.3 రెట్లు ఎక్కువ కదిలిందని చెప్పింది. తర్వాతి పరీక్షలు చాలావాటిలో తేడా స్వల్పం, లేదా అసలు లేదు. 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ నివేదిక కూడా ఉన్న ఆధారాలు కొద్దివనీ బలహీనమైనవనీ తేల్చింది. పైగా నెలరోజుల కోరపంటి పరుగు వేరు, మొత్తం చికిత్సా కాలం వేరు. చివర్లో పైపళ్లనూ కిందిపళ్లనూ కుదిర్చే పనికి ఏ గంటూ పెద్దగా సాయపడదు. పళ్లు వేగంగానే కదిలే పదమూడేళ్ల పిల్లలకు ఇదంతా అవసరం లేదు. ఎముక మార్పు నెమ్మదించిన పెద్దవాళ్లకు, అదీ కేసును చూసి, పనికొస్తుంది.

ఆపరేషన్ తర్వాత నొప్పికి ఐబుప్రొఫెన్ వాడొద్దంటారు. ఎముకను మెత్తబరిచేది గాయం పుట్టించిన వాపే, ఆ మందు దాన్ని అణచేస్తుంది. పారాసెటమాల్ సరిపోతుంది. చిగుళ్ల జబ్బు నయం కానివారికి, షుగర్ అదుపులో లేనివారికి, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడేవారికి ఈ కోతలు తగవు. ఎముకలు గుల్లబారకుండా బిస్‌ఫాస్ఫొనేట్లు వేసుకునేవారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆ మందులు ఆస్టియోక్లాస్టులనే అణచివేస్తాయి కనుక పన్ను కదలడమే కష్టమవుతుంది, కోసిన దవడ ఎముక మానకుండా పుచ్చిపోయే ప్రమాదమూ ఉంటుంది.