నీడ ఎవరికి?

పోయిన వేసవి సెలవుల్లో మామయ్య ఇంటికి చండీగఢ్ వెళ్ళాం. దేశ విభజనలో లాహోరు పాకిస్తాన్‌కు పోయాక పంజాబుకు రాజధానిగా కట్టిన ఊరు అది. అక్కడి సచివాలయాన్ని లె కార్బూజియే అనే వాస్తుశిల్పి రూపొందించాడు. 2016లో యునెస్కో ఆ సచివాలయాన్ని, దాని దగ్గరే ఉన్న శాసనసభ, హైకోర్టులతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదట చూసినప్పుడు నాకు నచ్చలేదు. పూత లేదు, సున్నం లేదు. 254 మీటర్ల పొడవున అంతా కాంక్రీటే. సెంట్రింగు గుర్తులు కూడా అట్లాగే ఉన్నాయి. "ఇంకా పని అయిపోలేదా మామయ్యా?" అని అడిగితే ఆయన నవ్వి, "బాగా చూడు" అన్నాడు.

చూస్తే అది ఉత్త గోడ కాదు, వరుసగా లోతైన గళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఎండ ఆ గళ్ళలోనే ఆగిపోతుంది. చలికాలం సూర్యుడు కిందికి వాలుతాడు కాబట్టి వెచ్చదనం లోపలికి వస్తుంది. మన పాత ఇళ్ళ చూరు చేసే పనే ఇది. మంత్రుల గదులున్న చోట గళ్ళు పెద్దవి, తీరు కూడా వేరు. అందుకే అంత పొడవున్నా విసుగు పుట్టదు. భవనం నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఏటవాలు దారి ఇంకా నచ్చింది. మెట్లు ఎక్కకుండానే పై అంతస్తులకు నడిచి పోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మా జేజి గుర్తొచ్చింది.

కానీ ఒక లోపం చెప్పాలి. శాసనసభకూ హైకోర్టుకూ మధ్య చాలా పెద్ద కాంక్రీటు మైదానం ఉంది. అక్కడ నడుస్తుంటే కాళ్ళు కాలాయి. లోపల పనిచేసేవాళ్ళ నీడ గురించి అంత ఆలోచించినాయన, బయట నడిచేవాళ్ళ గురించి ఎందుకు ఆలోచించలేదు? ఈ కట్టడాలకు ఆడకూలీలు తట్టల్లో కాంక్రీటు నెత్తిన మోశారు. వాళ్ళు మోసిందీ ఎండలోనే కదా!

ఒకసారి జేజి పింఛను పనికి ఒక ఆఫీసుకు పోతే, బయట మూడు గంటలు ఎండలో నిలబడ్డాం. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అప్పటి నుంచి ఏ ఆఫీసు చూసినా ముందు నీడ కోసమే వెతుకుతాను.

సచివాలయం గొప్ప కట్టడమే, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వ ఆఫీసు కట్టేవాళ్ళకు నా మనవి ఒకటే: ముందు వైపు వెడల్పుగా వరండా వేయండి, రెండు వేపచెట్లు నాటండి. పని కోసం వచ్చేవాళ్ళే ఆ ఇంటికి చుట్టాలు.

— 9వ తరగతి విద్యార్థిని