గోల్కొండలో గని లేదు

ఈ వారం బెల్లంకొండలో మా తోడల్లుడింట్లో ఉన్నాను. వాళ్లబ్బాయి జీఆర్‌ఈకి చదువుతున్నాడు. ఫోన్లో మాటల జాబితా తిప్పుతూ, "పెదనాన్నా, గోల్కొండ అంటే ఏంటో చెప్పు" అన్నాడు. కోట అన్నాను. "అది మనకి. ఇంగ్లిషు డిక్షనరీలో అంతులేని సంపద పుట్టే చోటు" అని నవ్వాడు.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా చాదస్తం తెలుసు: వాక్యంలో పెట్టలేని మాట వచ్చినట్టు లెక్క కాదు. పెట్టరా అన్నాను. "మా హాస్టల్ ఓనరు పెద్ద గోల్కొండ" అన్నాడు. దొరికిపోయాడు. డబ్బున్న మనిషిని అలా అనరు, డబ్బు పుట్టించే దాన్ని అంటారు. ఒక్క పేటెంటు ఆ కంపెనీకి గోల్కొండ అయింది, అనొచ్చు. ఇంగ్లిషులో మొదటి అక్షరం పెద్దదైతే ఊరు, చిన్నదైతే సంపద. మన లిపికి ఆ సదుపాయం లేదు. అమెరికాలో ఇలినాయ్‌లో ఒకటి, నెవాడాలో ఒకటి గోల్కొండ అనే ఊళ్లున్నాయి. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1953లో టోపీల మనుషులు ఆకాశమంతా వానచినుకుల్లా పరుచుకున్న బొమ్మ వేస్తే, దానికీ అదే పేరు. హ్యూస్టన్‌లోని మనవాళ్లు మెనిల్ మ్యూజియానికి వెళ్లి చూడొచ్చు.

నాకు ఒళ్లు మండింది ఇంకోచోట. అసలు గోల్కొండలో గని ఏది? బెల్లంకొండలో బెల్లం ఎంతో, గోల్కొండలో వజ్రాలూ అంతే. తవ్వింది ఇక్కడ, ఈ మండలంలోని కొల్లూరులో, కృష్ణ ఒడ్డున. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ వచ్చి చూసి, ఆడా మగా పిల్లా జెల్లా కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. కోహినూర్ కూడా ఇక్కడిదేనంటారు. తవ్విన రాళ్లకు బేరాలు మాత్రం గోల్కొండ కోట దాపున, కార్వాన్‌లో. కొన్నవాడికి గుర్తుండేది కొన్న చోటే. పేరు అటు పోయింది. పాత కొల్లూరు ఇప్పుడు 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

ఆ మాట కొల్లూరు అని మార్చమంటూ డిక్షనరీ వాళ్లకి ఉత్తరం రాద్దామని కాగితం కోసం లేచాను. వసారాలో ఎండుమిరప బస్తాలు అడ్డం వచ్చాయి. నారు పోసి, మందులు కొట్టి, కూలీలను బతిమాలి కోయించిన కాయ. లారీలో గుంటూరు యార్డుకి చేరుతుంది. అక్కణ్ణించి ఏ దేశం వెళ్లినా అది గుంటూరు మిర్చే. నేనూ అలాగే అంటాను, రేపూ అలాగే అంటాను. బెల్లంకొండ మిర్చి అంటే మలేషియాలో కొనేవాడికి ఏం తెలుస్తుంది? గుంటూరుకి లేని తప్పు గోల్కొండకి అంటగట్టడం ఏం న్యాయం? ఉత్తరం మానేసి కుర్రాడి వాక్యాలు దిద్దడానికి కూర్చున్నాను.

"మిర్చి మా నాన్నకి గోల్కొండ" అని రాశాడు. వ్యాకరణం సరిగ్గానే ఉంది. పక్కనే ఉన్న మా తోడల్లుడు, ఈ ఏటి రేటుకి ఆ వాక్యం చెల్లదు, కొట్టెయ్యమన్నాడు.