ముందు ఫొటోలు, తర్వాతే లినక్స్

లినక్స్ ఎక్కించడం పెద్ద విద్యేం కాదంటారు గానీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ అండతో ఇంజనీరింగ్ కాలేజీల్లో నడిచే గ్లగ్ (గ్నూ/లినక్స్ వాడేవారి) బృందాల్లో చేయి తిరిగిన వాలంటీర్ పని చూడాలి. పాత ల్యాప్‌టాప్ ముందు పెట్టగానే డిస్కు జోలికి పోడు. మొదట ఫొటోలు, మార్కుల మెమోలు వేరే డ్రైవ్‌లోకి మారుస్తాడు. పెన్ డ్రైవ్ నుంచే సిస్టమ్ నడిపి వైఫై అందుతోందా, స్పీకర్ పలుకుతోందా, ప్రింటర్ కదులుతోందా అని ఒక్కొక్కటే చూస్తాడు. ర్యామ్ 2 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ ఎంచుతాడు. పార్టిషన్ దగ్గర ఆగి, ఏ భాగం చెరిగిపోతుందో వేలుపెట్టి చూపించి, "సరేనా అన్నా?" అని అడిగాకే ముందుకు పోతాడు. అన్నిటికన్నా నాకు నచ్చేది, మౌస్ తన చేతిలోకి తీసుకోకపోవడం. నొక్కేది ల్యాప్‌టాప్ తెచ్చిన మనిషే, పక్కన కూర్చుని చెప్పేది తను. చివర్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, ఆ మనిషి పేరు ఆయన చేతే తెలుగులో కొట్టిస్తాడు. లైసెన్సు ఖర్చు లేదు, కూలి అడగడు. నేర్చుకున్నాయన రేపు ఇంకొకరికి నేర్పితే అదే చాలు. మన మంచిర్యాలలో అటకెక్కిన కంప్యూటర్లకూ ఈ పనితనమే కావాలి. మీ ఇంటి పిల్లల్లో ఎవరికైనా ఈ పని వస్తే, దసరా సెలవులకు వచ్చినప్పుడు మీ పాత కంప్యూటర్ దింపించండి. మౌస్ మాత్రం మీరే పట్టండి.