హంతకుడెవరనే ఆట: హత్యారహస్యక్రీడ తెలుగు రూపంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అతిథులే అనుమానితులుగా, వారే పరిశోధకులుగా ఒక కల్పితహత్యను ఛేదించే ఆట హత్యారహస్యక్రీడ. ఆంగ్ల అపరాధపరిశోధక నవల నుండి పుట్టిన ఈ రూపాన్ని తెలుగులో నిర్వహించదలచినప్పుడు భాషతోను, కథాసంప్రదాయంతోను, స్థలస్మృతితోను ఏర్పడే ఘర్షణను పరకాల పట్టణాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: హత్యారహస్యక్రీడ, అపరాధపరిశోధన, బేతాళకథలు, పరకాల, స్థలస్మృతి

ప్రవేశిక:
ఈ ఆటలో ఆతిథ్యమిచ్చేవారు ఆహ్వానంతో పాటే ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్రను కేటాయిస్తారు. అతిథులు ఆ పాత్రకు తగిన వేషంతో వస్తారు. భోజనాల నడుమ విడతలవారీగా ఆధారాలు బయటపడతాయి. చివరకు అందరూ చీటీలపై హంతకుని పేరు రాస్తారు. ఆపై మూసి ఉంచిన కవరు విప్పి సమాధానం చదువుతారు. తన పుస్తకంలోని సమాచారాన్ని గురించి హంతకపాత్రధారి తప్ప మరెవరూ అబద్ధం చెప్పరాదన్నది చాలా ఆటలలో కనిపించే నియమం. నిర్వాహకుడు మన నాటకంలోని సూత్రధారునికి దగ్గరివాడే అయినా, నాంది పలికి తప్పుకొనే వీలు అతనికి లేదు. వంట, వడ్డన, కథ మూడూ అతని మీదే ఉంటాయి.

నైయో మార్ష్ 1934లో ప్రచురించిన తొలి నవల ‘ఎ మ్యాన్ లే డెడ్’లో విందుకు వచ్చినవారు ఆడుతున్న హత్యాక్రీడే నిజమైన హత్యగా మారుతుంది. అప్పటికే ఇంగ్లండు సంపన్నగృహాలలో ఈ వినోదం పరిచితమని దీనివల్ల తెలుస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథొనీ ప్రాట్ రూపొందించిన ‘క్లూడో’ 1949లో విపణిలోకి వచ్చింది. 1985లో అమెరికాలో వెలువడిన ‘హౌ టు హోస్ట్ ఎ మర్డర్’ పెట్టెలు విందురూపాన్ని ఇంటింటి వస్తువుగా మార్చాయి.

తెలుగులో అపరాధపరిశోధక నవలకు పాఠకుల కొరత ఏనాడూ లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు కొన్ని తరాల పాఠకులకు ఇంటిమనుషులయ్యారు. ఆరుద్ర వంటి కవి సైతం ఈ ప్రక్రియలో చేయి చేసుకొన్నాడు. అయితే ఈ పాఠకుడు ఆటగాడుగా మారలేదు. తెలుగుపిల్లలు ఎరిగిన సమీపరూపం చీట్లాట. రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీట్లు వేసినా, రాముడు సీతను వెదికినా అక్కడ ఆధారమనేది ఉండదు. ఎదుటివాని ముఖమే ఆధారం. ముఖం చూసి దొంగను తేల్చే ఈ అలవాటు ఆట దాటి పంచాయితీలలోనూ కనిపించడం వేరే పరిశోధనకు తగిన విషయం.

భాషలో దాగని హంతకుడు:
ఆంగ్లపుస్తకాన్ని తెలుగు చేయబోయిన నిర్వాహకునికి మొదటి చిక్కు క్రియాపదంతోనే ఎదురవుతుంది. ఆంగ్లంలో హంతకుని స్త్రీపురుషభేదం చెప్పకుండా పుటలకు పుటలు నడపవచ్చు. తెలుగులో ‘చంపాడు’ అన్నా, పరకాల ప్రాంతపు వాడుకలో ‘చంపిండు’ అన్నా సగం అనుమానితులు అక్కడే నిర్దోషులవుతారు. ‘హంతకుడు’ అనే మాటలోనూ అదే ఇబ్బంది. మిగిలిన మార్గం ‘చంపినవారు’ అనడం. ప్రాణం తీసినందుకు గౌరవవాచకం దక్కడం హాస్యాస్పదమే కాని, రహస్యం నిలవాలంటే ఆ మర్యాద తప్పదు.

ఇదే వ్యాకరణం మరొకచోట వరమవుతుంది. తెలుగులో ఏకవచన మహతికి, అమహత్తుకు క్రియారూపం ఒక్కటే. ‘రాత్రి తలుపు దగ్గరికి వచ్చింది’ అన్న సాక్ష్యంలో వచ్చినది కోడలో, పిల్లో తెలియదు. కర్తను చెప్పకుండా వాక్యాన్ని ముగించడం తెలుగులో సహజం కనుక వినేవారికి దాపరికమన్న అనుమానం కలగదు. ఆంగ్లరచయిత ఎంత శ్రమించినా ఇంత సహజంగా అమర్చలేని ఆధారమిది.

ఇంతకంటె విలువైనది ‘అట’. ‘మామ తోటకు పోయిండు’ అన్నవాడు చూసినవాడు, ‘పోయిండట’ అన్నవాడు విన్నవాడు. న్యాయస్థానం శ్రమించి వేరుచేసే ప్రత్యక్షసాక్ష్యాన్ని, వినికిడి సాక్ష్యాన్ని ఈ ఒక్క ప్రత్యయం వేరుచేస్తుంది. మొదటి విడతలో ‘పోయిండట’ అన్న పాత్ర మూడవ విడతలో ‘పోయిండు’ అంటే, ఆ జారిపోయిన ‘అట’ రక్తపుమరక కంటె బలమైన ఆధారం. అనువాదంపై ఆధారపడకుండా నేరుగా తెలుగులోనే ఆటను రచించాలనడానికి ఇది ఒక్కటి చాలు.

సంబోధనల విషయం మరింత సున్నితమైనది. ఆంగ్ల ఆటలో అందరూ అందరినీ సమానంగా ప్రశ్నిస్తారు. తెలుగింటి కథలో కోడలు అత్తను, తమ్ముడు పెద్దన్నను ‘ఆ రాత్రి మీరెక్కడున్నారు?’ అని నిలదీయడం పాత్రోచితంగా ఉండదు. బావామరదళ్లకున్న మాటచనువు వదినామరుదులకు వేరుగా, మామాకోడళ్లకు దాదాపు లేకుండా ఉంటుంది. ఎవరు ఎవరిని ప్రశ్నించగలరన్నది వరుసలే నిర్ణయిస్తాయి. దీనిని లోపమనుకొని వరుసలను తొలగించిన రచన పేర్లు మాత్రమే తెలుగైన ఆంగ్లరచనగా మిగులుతుంది. కోడలు తాను అడగలేని ప్రశ్నను ఆడబిడ్డ చేత అడిగించుకోవలసి రావడంలోనే తెలుగు ఆటకు కావలసిన నాటకీయత ఉంది.

బేతాళుని ప్రశ్న:
తొదొరోవ్ 1966లో అపరాధపరిశోధక రచనలో నేరకథ, పరిశోధనకథ అని రెండు కథలుంటాయని ప్రతిపాదించాడు. మొదటిది ముగిసిపోయి దాగి ఉంటుంది, రెండవది దానిని తవ్వి తీస్తుంది. భారతీయకథ ఈ దాపరికాన్ని అంతగా ఆశ్రయించలేదు. మృచ్ఛకటికంలో వసంతసేన గొంతు నులిమినవాడు శకారుడని ప్రేక్షకునికి ముందే తెలుసు, తెలియనిది న్యాయాధికారికి. చారుదత్తునికి శిక్ష పడుతుందేమోనన్న వేదనపైనే ఆ అంకం నిలబడింది.

హత్యారహస్యక్రీడకు సరితూగే కథ బేతాళపంచవింశతిలో ఉంది. గద్ద తన్నుకుపోతున్న పాము నోటినుండి జారిన విషం ఒక బ్రాహ్మణుని అన్నపాత్రలో పడుతుంది. అది తిని అతడు మరణిస్తాడు. పాము, గద్ద, అన్నం పెట్టిన దంపతులు అనుమానితులు. విషప్రయోగం, పరిమితసంఖ్యలో అనుమానితులు, చివరకొక ప్రశ్న అనే సామగ్రి అంతా ఇక్కడ సిద్ధంగా ఉంది. కాని విక్రమార్కుని తీర్పు ఆటను తలకిందులు చేస్తుంది: వారిలో ఎవరూ దోషులు కారు, విచారించకుండా వారిలో ఒకరిపై నింద వేసినవారికే ఆ పాపం చెందుతుంది. విందు చివర చీటీపై ఊహించి పేరు రాసే అతిథికి ఈ తీర్పు నేరుగా తగులుతుంది. పాశ్చాత్య ఆటలో తప్పు పేరు రాసినవారు నవ్వుల పాలవుతారు, అంతే. చందమామ పుటలలో దశాబ్దాలపాటు బేతాళుని ప్రశ్నలు చదివిన సమాజానికి ‘ఎవరు చేశారు?’ కంటె ‘ఎవరిది బాధ్యత?’ అన్నదే ఎక్కువ పరిచయమున్న ప్రశ్న.

పరకాలలో ఈ ఆట:
1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయజెండా ఎగురవేయడానికి తరలివచ్చిన జనంపై నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది అమరులైనట్లు స్థానికచరిత్ర చెబుతుంది. వారి స్మృతిచిహ్నంగా అమరధామం పట్టణంలో నిలిచి ఉంది. ఈ మరణాలలో రహస్యం లేదు. కాల్చినవారెవరో చూసినవారున్నారు, పడిపోయినవారి పేర్లు ఊళ్లకు తెలుసు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాతి ఆంగ్ల అపరాధనవలను గాయపడిన సమాజపు కోలుకొనే సాహిత్యంగా ఆలిసన్ లైట్ 1991లో వ్యాఖ్యానించింది. ఆ నవలలో శవం ఉంటుంది, శోకం ఉండదు. ఆ లక్షణం విందు ఆటకు యథాతథంగా సంక్రమించింది. మన లాక్షణికులు కూడా రంగస్థలంపై వధను నిషేధించారు. అయితే వధను తెరవెనుక ఉంచిన నాటకం కరుణరసాన్ని తెరముందుకు తెస్తుంది. ఆట శవంతో పాటు కరుణను కూడా తెరవెనుకే వదిలేస్తుంది. తాత తుపాకిగుండుకు బలైన ఇంటి పిల్లలు కూర్చున్న తరగతిగదిలో ఈ వదిలివేత అమాయకంగా ఉండజాలదు.

అందువల్ల పరకాల వంటిచోట ఆట నిషిద్ధమనడం అతిశయోక్తి. వేడుకల మధ్య బతికే ఊరిని నిత్యశోకానికి కట్టివేసే హక్కు విమర్శకునికి లేదు. కాని పాత్రరచయిత ఎంచుకొనే సంవత్సరం, స్థలం విషయంలో పట్టింపు అవసరం. 1947 నాటి గడీని కేవలం అలంకారదృశ్యంగా వాడి, దొరను హతునిగా, జీతగాళ్లను అనుమానితులుగా నిలిపే రచన సులువుగా తయారవుతుంది, రక్తి కట్టవచ్చు కూడా. అయితే ఆంగ్లగృహంలో సేవకులపై అనుమానం నవలాసంప్రదాయం; గడీలో అది చరిత్ర. పని చేసేవాడినే ముందుగా దొంగగా లెక్కించిన వ్యవస్థను చీటీలతో మళ్లీ ఆడించడమవుతుంది. అదే రచయిత ఒక ఇంటి భాగపంపకాల నేపథ్యాన్నో, పత్తి తూకంలో జరిగిన మోసాన్నో తీసుకొంటే వరుసలు, ‘అట’లు, కర్త లేని క్రియలు తమ పని తాము చేస్తాయి. చివరి చీటీపై పేరుతో పాటు, ఆ పేరు రాయడానికి తాను చూసినదేమిటో, విన్నదేమిటో విడివిడిగా రాయమని నిర్వాహకుడు అడగవచ్చు. కవరు విప్పకముందే ఆ చీటీలను బిగ్గరగా చదివితే, నిందకు గురైన ప్రతి పాత్రకు జవాబు చెప్పుకొనే ఒక విడత అదనంగా లభిస్తుంది. పెట్టెల్లో వచ్చే ఆటలలో సాధారణంగా కనిపించని విడత అది.