పక్కటెముక పై అంచున

కిలో కూడా తూగని పసిగుడ్డు ముక్కు గొట్టాలతో గాలిని ఒత్తిడిగా పంపే సీప్యాప్ మీద కుదురుగా ఊపిరి తీసుకుంటుంటుంది. ఉన్నట్టుండి రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 92 శాతం నుంచి 60కి పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది, ఛాతీ ఒకవైపు ఉబ్బి కదలకుండా ఉండిపోతుంది. పూర్తిగా ఎదగని ఊపిరితిత్తి చిట్లి, బయటికొచ్చిన గాలి దాని చుట్టూ చేరి గుండెను పక్కకు నెట్టేస్తోందన్నమాట. దీన్నే టెన్షన్ న్యూమోథొరాక్స్ అంటారు. అరుదే గానీ, వచ్చిందంటే మిగిలేవి నిమిషాలే.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రికి దాదాపు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 160 దాకా. 108 అంబులెన్స్ ఎంత వేగంగా పోయినా ఈ ఆపద అంతసేపు ఆగదు. కాబట్టి ఆదిలాబాద్ రిమ్స్‌లోనైనా, కరీంనగర్ మాతా శిశు ఆరోగ్య కేంద్రంలోనైనా చేరిన గాలిని అప్పటికప్పుడు తీసేసే పనితనం బిడ్డ వార్మర్ పక్కనే ఉండాలి.

ముందు పసిగట్టేది చాలాసార్లు సిస్టరే. ముక్కు గొట్టం జారిందా, కఫం అడ్డుపడిందా అని క్షణాల్లో చూసేసి డాక్టర్‌ను కేకేస్తుంది. ఎక్స్‌రే కోసం ఆగే వ్యవధి ఉండదు. లైట్లు ఆర్పి, వేడి తగలని దీపాన్ని ఛాతీకి ఆనిస్తారు. చర్మం ఉల్లిపొరంత పలుచన. గాలి చేరిన వైపు ఎర్రగా వెలుగుతుంది.

ఇక సూది పని. కాలర్ ఎముక (జత్రుక) మధ్య నుంచి తిన్నగా కిందికి, రెండో, మూడో పక్కటెముకల నడుమ చోటును వేలితో తడిమి పట్టుకుంటారు. ప్రతి పక్కటెముక కింది అంచు వెంట రక్తనాళాలు, నరం పోతుంటాయి. అందుకే సూది మూడో ఎముక పై అంచును రాసుకుంటూ దిగాలి. సూది వెనకాల మూడు దారుల కవాటం (త్రీవే), దానికి సిరంజి. సిరంజి లాగుతూ లాగుతూ మిల్లీమీటర్ల లెక్కన దింపి, గాలి రాగానే చెయ్యి ఆపేస్తారు. ఇంకాస్త దిగితే ఊపిరితిత్తికే గుచ్చుకుంటుంది. ఆ ఆగడమే నాకు అన్నిటికంటే గొప్ప పనిగా తోస్తుంది. సిరంజి నిండగానే త్రీవే తిప్పి గాలి వదలడం, మళ్లీ లాగడం. లోపలి ఒత్తిడి తగ్గేకొద్దీ సాచురేషన్ పైకెక్కుతుంది.

గాలి ఊరుతూనే ఉంటే సన్నటి గొట్టం వేసి, దాని రెండో కొసను సీసాలో నీళ్లలో ముంచుతారు. బుడగలు ఆగితే చిట్లిన చోటు మూసుకుందా, గొట్టమే పూడిందా అన్నది మళ్లీ చూసుకోవాలి.

బిడ్డకు ఈ సూది అవసరం పడే ముప్పును తగ్గించే వైద్యం కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధపడతాయి. ఉట్నూరులోనైనా, హుజూరాబాద్‌లోనైనా ఆరో నెల, ఏడో నెలలో నొప్పులొస్తే తెల్లారేదాకా చూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.