గెలిచినవారి మఠంలో ఓడినవారి కలం

ఒక దేశాన్ని పరాయి సేన గెలుచుకుంటే అక్కడి సాహిత్యం ఏమవుతుంది? నాకు ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా యుద్ధభూమి వైపు కన్నా రాతబల్ల వైపే చూడబుద్ధవుతుంది. అక్కడ కూర్చున్న మనిషికి ఏ భాషలో రాయమని చెబుతున్నారు, చర్మపత్రాలు ఎవరి ఖర్చుతో వస్తున్నాయి, రాసింది చదివేవాళ్ళు ఎవరు? ఈ మూడూ తెలిస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. ఇంగ్లిష్ సాహిత్యం పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళిన చోటు ఇంగ్లండ్ తూర్పు భాగంలోని పీటర్‌బరో మఠం. నకలు రాయడమనే చిన్న పనికి ఎంత బలముందో నాకు నేర్పింది ఆ మఠమే.

1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్ రాజు నేలకూలాడు. ఆ క్రిస్మస్ రోజునే నార్మండీ డ్యూక్ విలియం వెస్ట్‌మినిస్టర్‌లో కిరీటం ధరించాడు. ఆనాటికి ఇంగ్లిష్ చదువూ సంధ్యా లేని భాషేమీ కాదు. 9వ శతాబ్దం చివర్లో ఆల్‌ఫ్రెడ్ రాజు లాటిన్ గ్రంథాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చే పనికి తానే పూనుకున్నాడు. ఏ ఏటి సంగతులు ఆ ఏటి పద్దు కింద రాసిపెట్టే ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ కూడా ఆయన కాలంలోనే మొదలైంది. దాని ప్రతులు పలు మఠాలకు చేరాయి. ఒక్కో మఠం తన ప్రతిని తానే పెంచుకుంటూ వచ్చింది. చట్టాలు, వీలునామాలు, మతప్రసంగాలు, వైద్యగ్రంథాలు కూడా జనం భాషలోనే రాసుకున్న దేశాలు ఆనాటి ఐరోపాలో అరుదు.

విలియం ఇంగ్లిష్‌ను నిషేధించలేదు. ఆ అవసరం రాలేదు. బిషప్పుల పీఠాలు, మఠాధిపత్యాలు ఒక్కొక్కటే నార్మన్ల చేతికి వెళ్ళాయి. ప్రభుత్వ రాతకోతలు లాటిన్‌లోకి మారాయి. దేశంలోని భూములన్నిటి లెక్క తీయడానికి 1086లో జరిపించిన డూమ్స్‌డే సర్వే కూడా లాటిన్‌లోనే నడిచింది. కొత్త ప్రభువుల ఇళ్ళలో మాట్లాడేది ఫ్రెంచి, వినేది ఫ్రెంచి కథలు. ఇంగ్లిష్‌లో రాసేవాడికి పోషకుడు పోయాడు, పాఠకుడు పోయాడు, కొత్తవాణ్ణి తయారుచేసే బడి పోయింది. భాష నోళ్ళలో బతికే ఉంది, కలంలోంచి మాత్రం జారిపోసాగింది. క్రానికల్ ప్రతుల్లో ఒకటి 1066 పద్దుతోనే ఆగిపోయింది. మరొకటి 1079 దాకా సాగి నిలిచిపోయింది.

పీటర్‌బరో పరిస్థితీ వేరుగా ఏమీ లేదు. 1070లో టురోల్డ్ అనే నార్మన్ మఠాధిపతి 160 మంది సాయుధుల్ని వెంటబెట్టుకుని వచ్చి పీఠం ఎక్కాడు. 1116లో మంటలు లేచి మఠం చాలావరకు కాలిపోయింది. ఆ తర్వాత అక్కడి సన్యాసులు చేసిన పని నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. వేరే చోటి నుంచి ఒక క్రానికల్ ప్రతిని అరువు తెచ్చుకుని మొదటి నుంచి 1121 పద్దు దాకా ఒక్క చేత్తో నకలు రాయించారు. రాజుకు అక్కర్లేదు, బిషప్పుకు అక్కర్లేదు, అయినా అంత చర్మాన్నీ అంత శ్రమనూ ఒక ఓడిన భాషకు ఖర్చుపెట్టారు. నకలుతో ఆగిపోనూ లేదు, కొత్త పద్దులు చేరుస్తూ 1154 దాకా వచ్చారు.

ఆ ప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో రెండు పద్దుల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది విలియం చనిపోయిన 1087వ సంవత్సరానిది. దాన్ని రాసినవాడు తాను రాజును కళ్ళారా చూశాననీ, ఆయన కొలువులో కొంతకాలం ఉన్నాననీ చెబుతాడు. రాజు తెచ్చిన శాంతిభద్రతల్ని మెచ్చుకుంటాడు. ఆ వెంటనే కోటలు కట్టించి పేదల్ని నలిపేశాడని, ప్రజల దగ్గర బంగారం, వెండి గుంజాడని, జింకను చంపినవాడి కళ్ళు పీకించాడని పద్యం కడతాడు. ఆ పద్యం నడకే ఒక సాక్ష్యం. పాత ఇంగ్లిష్ కవిత్వంలో పాదం రెండు సగాలుగా ఉంటుంది. మొదటి సగంలోని బలమైన అక్షరధ్వని రెండో సగంలో మళ్ళీ పలికి రెండింటినీ ముడివేస్తుంది. యతిమైత్రి చెవికి పట్టిన తెలుగువాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. అంత్యప్రాస అక్కడ అరుదు. కానీ విలియం మీది ఈ పద్యం అంత్యప్రాసతో నడుస్తుంది. గెలిచినవాణ్ణి నిలదీస్తున్న పద్యం కొత్త పద్ధతిలో అడుగులు వేస్తోంది.

రెండోది 1137 నాటి పద్దు. స్టీఫెన్ రాజు కాలంలో ప్రభువులు ఎవరికి వారు కోటలు కట్టుకుని, జనాన్ని పట్టుకెళ్ళి, డబ్బు కోసం పెట్టిన చిత్రహింసల్ని అందులో ఒక్కొక్కటిగా చెబుతాడు. పొగబెట్టడం, తలకు ముడుల తాడు బిగించడం, పాములు, కప్పలు ఉన్న గోతుల్లో పడేయడం. 19 ఏళ్ళు అలా గడిచాయంటాడు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ రాతగాడికి పాత ప్రామాణిక భాష రాదు. నేర్పే బడి లేక పదాల చివరి విభక్తి ప్రత్యయాలు రాలిపోయాయి, వాక్యం మాట్లాడే తీరులో సాగుతోంది. పండితులు దీన్ని మధ్యయుగ ఇంగ్లిష్ తొలి నమూనాల్లో ఒకటిగా లెక్కిస్తారు. బడి పోయాక నోరే బడి అయింది, ఆ నోటి మాటే కొత్త వచనం అయింది. ఈ చివరి పద్దులున్న పుటల అంచుల్లో 13వ శతాబ్దంలో ఎవరో రాజుల చరిత్రను ఫ్రెంచిలో రాసి పెట్టారు. నడుమ ఇంగ్లిష్, చుట్టూ ఫ్రెంచి. ఆ కాలపు స్థితి అంతా ఆ ఒక్క పుటలో కనిపిస్తుంది.

గెలిచినవారి వైపు సాహిత్యాన్ని తక్కువ చేసి చెప్పను. ఫ్రెంచి సాహిత్యానికి ఇంగ్లండ్ ఒక పుట్టిల్లు అయింది. ఫ్రెంచివాళ్ళ వీరగాథ 'రోలాండ్ గీతం' ప్రతుల్లో అతి పాతది ఇంగ్లండ్‌లోనే నకలైంది, ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది. గైమార్ అనే కవి 1130ల చివర్లో ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌ను వాడుకుని ఇంగ్లండ్ చరిత్రను ఫ్రెంచి పద్యాల్లో రాశాడు. ఓడినవారి పద్దు పుస్తకం గెలిచినవారికి కావ్యవస్తువు అయిందన్నమాట.

ఇంగ్లిష్ కవిత్వం మళ్ళీ గొంతు సవరించుకున్నది రాజధానికి దూరంగా, సెవర్న్ నది ఒడ్డున. 1200 ప్రాంతంలో ఆర్లీ అనే ఊరి చర్చిలో పూజారిగా ఉన్న లాయమన్, పుస్తకాల కోసం దేశం తిరిగానని తన కావ్యం మొదట్లోనే చెప్పుకున్నాడు. వాస్ అనే కవి 1155లో ఫ్రెంచిలో ముగించిన కావ్యాన్ని ముఖ్యంగా ఆధారం చేసుకుని, దాదాపు 16,000 దీర్ఘపాదాల 'బ్రూట్' రాశాడు. ఆర్థర్ రాజు కథ ఇంగ్లిష్‌లోకి వచ్చింది అందులోనే. వస్తువు ఫ్రెంచి నుంచి తీసుకున్నాడు, మాటలు మాత్రం దాదాపు అన్నీ సొంత భాషవే. పాత అక్షరమైత్రి, కొత్త అంత్యప్రాస రెండూ కలిపి వాడుకున్నాడు.

అదే ప్రాంతంలోని వూస్టర్‌లో 13వ శతాబ్దపు సన్యాసి ఒకాయన ఉన్నాడు. పేరు తెలియదు. రాత వణుకుతూ ఉంటుంది కాబట్టి పండితులు 'వణికే చెయ్యి' అని పిలుస్తారు. పాత ఇంగ్లిష్ అప్పటికే జనానికి అర్థంకాని భాష అయిపోయింది. ఆయన సుమారు 20 రాతప్రతుల్లో, వరసల మధ్య, దాదాపు 50,000 అర్థాలు రాశాడు, ఎక్కువగా లాటిన్‌లో. ఇంగ్లిష్‌లో బోధించిన పాత గురువులు పోయారని, జనం దిక్కులేనివారయ్యారని బాధపడే ఒక చిన్న రచన మనకు మిగిలిందీ ఆయన చేతి నకలు వల్లే. వణికే చేత్తో ఒక్కో మాటకు అర్థం రాస్తూ కూర్చున్న ఆ మనిషిని తలచుకుంటే ఏ మహాకవికీ తగ్గని గౌరవం కలుగుతుంది నాకు.

14వ శతాబ్దానికి గాలి మారింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో చట్టం వచ్చింది, ఆ చట్టం రాసింది మాత్రం ఫ్రెంచిలో. చాసర్ ఫ్రెంచి, ఇటాలియన్ కవుల దగ్గర నేర్చిన పద్యశిల్పాన్ని లండన్ ఇంగ్లిష్‌లో నిలబెట్టాడు. ఆ కాలపువాడే, వాయవ్య ప్రాంతపు కవి ఒకాయన 'సర్ గవైన్ అండ్ ది గ్రీన్ నైట్' రాశాడు. ఆయన పేరూ మనకు దక్కలేదు. ఆ కావ్యంలో ప్రతి ఖండికా పాత అక్షరమైత్రి పాదాలతో సాగి, చివర అంత్యప్రాస ఉన్న అయిదు పొట్టి పాదాలతో ముగుస్తుంది. మూడు వందల ఏళ్ళ పోరు, పొందు ఒక్కో ఖండికలో ఇమిడిపోయాయి.

నార్మన్ విజయం ఇంగ్లిష్ సాహిత్యాన్ని సంపన్నం చేసిందని పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది సగం నిజం. విజయం ఫ్రెంచి సరుకు తెచ్చింది. దాన్ని అందుకోవడానికి ఇంగ్లిష్ చేయి ఒకటి మిగిలి ఉండాలి కదా! ఆ చేయిని మిగిల్చింది పీటర్‌బరో లేఖకులు, ఆర్లీ పూజారి, వూస్టర్ సన్యాసి. మన కళాశాలల్లో ఇంగ్లిష్ సాహిత్య చరిత్రను చాసర్‌తో మొదలుపెట్టే అధ్యాపక మిత్రులకు నాది ఒక్కటే విన్నపం. క్రానికల్‌కు ఆధునిక ఇంగ్లిష్ అనువాదాలు సులువుగానే దొరుకుతాయి. చాసర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక్క తరగతి తీసుకుని, 1137 పద్దును పిల్లల చేత పైకి చదివించండి.