తప్పనిసరి ప్రాక్టీసు, ఐచ్ఛిక వేతనం

సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న నిబంధనను పునరుద్ధరిస్తూ 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఈ వారం తిరిగి చదివినప్పుడు కూడా ఈ శీర్షికకు సంతోషాన్నే కలిగించింది. వాయిదా అడిగే తీరు మొదలుకొని క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి పక్షపు సాక్షిని ప్రశ్నించి నిజం రాబట్టడం వరకు, ఈ వృత్తి కోర్టు హాల్లోనే పట్టుబడుతుందన్నది ఇక్కడ ఏళ్లుగా వినిపిస్తున్న వాదమే.

అయితే ఈ పాఠకులకు చిరపరిచితుడైన టంగుటూరి ప్రకాశం పంతులు ప్రస్థానం ఆ సంతోషానికి అడ్డుపడుతుంది. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచగా, గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు ఆదరణతో రాజమండ్రి చేరిన ఆయన, తొలుత రెండో తరగతి ప్లీడరు అయ్యారు, అంటే బి.ఎల్. పట్టా లేకుండా, ప్రత్యేక పరీక్ష నెగ్గి, కింది కోర్టుల్లో మాత్రమే వాదించే అర్హత పొందారు. చేతినిండా ప్రాక్టీసు ఉన్నా పై కోర్టులు ఆ తరగతికి అందనివి కనుక, 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై మద్రాసు చేరారు. ఆ అంతస్తులను తొలగించి, అడ్వొకేట్ అనే ఒకే తరగతిని నిలిపిన 1961 నాటి అడ్వొకేట్ల చట్టం మేలే చేసింది. కానీ అన్యాయమైన ఆ పాత నిచ్చెనకు కింది మెట్టుమీదే కూడు పుట్టేది; అందరికీ తెరిచి ఉన్న నేటి మెట్టుమీద తొలి ఏళ్లు నిలదొక్కుకోవాలంటే చాలామందికి ఇంటినుంచే డబ్బు రావాలి.

బార్ కౌన్సిళ్లు నమోదుకు చట్టం నిర్ణయించిన 750 రూపాయలకు (ఎస్సీ, ఎస్టీలకు 125) మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పడంతో గడప ఎత్తు తగ్గింది. లోపలికి వచ్చాక బతుకుదెరువు మాటేమిటి? జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పినది సూచనే తప్ప శాసనం కాదు. కోర్టు ఆవరణలో అయినవాళ్లెవరూ లేని కుటుంబం నుంచి వచ్చిన యువతికి, ఆ జీతంలేని ఏళ్లను తప్పించుకునే దారి జడ్జి పరీక్షే. ఇప్పుడు మూసినది ఆ దారినే.

అనుభవాన్ని ధ్రువీకరించే పత్రంపై పదేళ్ల ప్రాక్టీసున్న న్యాయవాది సంతకం చేయవచ్చని తీర్పే చెబుతోంది. ఆ మూడేళ్లలో జూనియర్‌కు నెలనెలా ముట్టినదెంతో కూడా ఆ పత్రంలోనే రాయవలసి వచ్చేవరకు, ఈ నిబంధన అమలును నిలిపివేయాలి.